పియానోకి రాగం రాదంటారేం?

"ఖరహరప్రియ అంటే డోరియన్ మోడే." తెలుగులో సంగీతం గురించి రాసేవాళ్ళలో చాలామందికి ఈ వాక్యం ఇప్పుడు నోటికి వచ్చేసింది. కల్యాణి అంటే లిడియన్, తోడి అంటే ఫ్రీజియన్, శంకరాభరణం అంటే మేజర్ స్కేలు. ఒక పట్టిక, దాని కింద ఆరోహణ, అవరోహణ, ఆ కింద "ఈ రాగంలో వచ్చిన సినిమా పాటలు" అంటూ ఓ పదిహేను పేర్లు. వ్యాసం అయిపోతుంది.

దీనికి ఎదురుగా ఇంకో వాక్యం ఉంది. "గమకం పలకని చోట రాగమేమిటండీ?" ఇది కచేరీలకి వెళ్ళేవాళ్ళది, ఎవరైనా పియానో మీద మోహన వాయించానని చెప్తే జాలిగా నవ్వేవాళ్ళది.

ఈ రెండు వాక్యాలు పలికేవాళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. చూస్తే మాత్రం ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయారు. మొదటివాళ్ళు రాగాన్ని స్వరాల జాబితాకి కుదించేశారు. రెండోవాళ్ళు ఆ స్వరాల ఊపుకి కుదించేశారు. ఏ స్వరం మీద నిలబడాలి, దేన్ని తాకీ తాకనట్టు దాటెయ్యాలి, పైకి ఏ దారిన వెళ్ళాలి, కిందికి ఏ దారిన రావాలి, వాక్యం ఎక్కడ ముగించాలి అన్న సంగతులు ఇద్దరికీ పట్టలేదు. రాగం చాలావరకు ఉన్నది అక్కడే. దాన్ని నేర్చుకోడానికీ, నిజంగా వచ్చిందో లేదో తేల్చుకోడానికీ పియానో మంచి చోటు అని నా వాదన. గమకం పలకదు కాబట్టే మంచి చోటు. అక్కడ ఊపు వెనక దాక్కోడానికి వీల్లేదు.

ముందు పట్టికల వాళ్ళ సంగతి.

పట్టికలో తప్పేమీ లేదు. పియానో తెల్ల మీటల మీద సి దగ్గర మొదలెడితే శంకరాభరణం స్వరాలు, డి దగ్గర ఖరహరప్రియ, ఈ దగ్గర తోడి, ఎఫ్ దగ్గర కల్యాణి, జి దగ్గర హరికాంభోజి, ఏ దగ్గర నఠభైరవి. బి దగ్గర మొదలెడితే పంచమం దొరకదు, అందుకని మేళకర్త రాదు. మనవాళ్ళు గ్రహభేదం అనేది దీన్నే. అయిదు నిమిషాల్లో అర్థమయ్యే విషయం, చాలా అందమైన విషయం కూడా. ఇబ్బందల్లా ఇక్కడితో రాగం అర్థమైపోయిందనుకోవడం.

అసలు "డోరియన్" అన్న మాటనే తీసుకోండి. మధ్యయుగాల యూరప్‌లో చర్చి గానానికి ఎనిమిది మోడ్‌లు ఉండేవి. మొదటిది డోరియన్, రెండోది హైపోడోరియన్. రెండింటికీ స్వరాలు అవే, రెండూ ముగిసేది డి మీదే. మరి రెండెందుకు? మొదటిదాంట్లో పాఠం సాగేది ఏ మీద. రెండోదాంట్లో ఎఫ్ మీద. మొదటిది డి నుంచి పైకి విస్తరిస్తుంది, రెండోది డికి కిందా పైనా తిరుగుతుంది. అంటే ఏ స్వరం దగ్గర ఎక్కువసేపు ఉంటావు, ఏ ప్రాంతంలో తిరుగుతావు అన్నదాన్ని బట్టి మోడ్ మారిపోయింది. "డి నుంచి డి దాకా తెల్ల మీటలు" అన్నది దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, ప్యాకెట్లో పోసిన రూపం. మనం ఖరహరప్రియని ఆ ప్యాకెట్‌తో పోల్చి, రెండూ ఒకటే అని సంబరపడుతున్నాం.

ఇంటికి దగ్గర ఉదాహరణ కావాలంటే హిందుస్తానీలో భూపాలి, దేశ్‌కార్. రెండింటికీ స్వరాలు ఐదే, ఆ ఐదూ ఒకటే: స రి గ ప ద. మన మోహన స్వరాలే. భూపాలిలో ప్రాణం గాంధారం దగ్గర ఉంటుంది, నడక కింది సగంలో ఎక్కువ, పాడేది రాత్రి మొదటి జాములో. దేశ్‌కార్‌లో ప్రాణం ధైవతం, నడక పై సగంలో, పాడేది పొద్దున. పట్టిక రాసేవాడికి ఇవి రెండూ ఒకే వరస. మా వృత్తి భాషలో చెప్పాలంటే స్కేలు ఒక సెట్, రాగం ఒక గ్రాఫ్. సెట్‌లో ఏమేం ఉన్నాయో తెలిస్తే చాలు. గ్రాఫ్‌లో ఎక్కణ్ణుంచి ఎక్కడికి దారుందో, ఏ దారి ఎంత నలిగిందో, ఏది మూసేశారో తెలియాలి.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదు. నాట్యశాస్త్రం జాతులకి పది లక్షణాలు చెప్పింది: గ్రహం, అంశ, తారం, మంద్రం, న్యాసం, అపన్యాసం, అల్పత్వం, బహుత్వం, షాడవం, ఔడవం. ఎక్కడ ఎత్తుకోవాలి, ఏది ముఖ్యం, పైకి ఎంతవరకు, కిందికి ఎంతవరకు, ఎక్కడ ముగించాలి, మధ్యలో ఎక్కడ ఆగాలి, దేన్ని తక్కువగా వాడాలి, దేన్ని ఎక్కువగా, ఆరు స్వరాలా, ఐదా. పదికి పదీ రాయగలిగిన విషయాలే. మన రాగపరిచయ వ్యాసాలు ఇందులో ఆఖరి రెండే చెప్పి, మిగతా ఎనిమిదింటి స్థానంలో సినిమా పాటలు పెడుతున్నాయి. పాటల జాబితా వద్దని కాదు. ఈ పాటలో గాంధారం దగ్గర ఇంతసేపు ఎందుకు నిలిచాడు, ఆ పాటలో నిషాదాన్ని ఎందుకు దాటేశాడు అని ఒక్క ముక్క రాస్తే జాబితాకి విలువొస్తుంది. రాయకపోతే అది కిరాణా కొట్టు చిట్టా.

ఇప్పుడు రెండో జట్టు. పై జాబితా మళ్ళీ ఒకసారి చూడండి. ఆ పదిలో గమకం లేదు.

జాతులు వేరు, ఇవాళ్టి రాగాలు వేరు అంటారు. నిజమే. అప్పటికీ ఇప్పటికీ సంగీతం చాలా మారింది, కర్ణాటక సంగీతంలో గమకం ఇప్పుడు అలంకారం కాదు, స్వరంలో భాగం. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పది లక్షణాలు అవసరం లేకుండా పోలేదు కదా. వాటిలో ఒక్కటి కూడా పియానోకి అందనిది కాదు. అలాంటప్పుడు "పియానో మీద రాగం పలకదు" అన్న తీర్పు ఇంత గంపగుత్తగా ఎలా ఇచ్చేస్తారు?

ఇలాంటి తీర్పు ఇదివరకు ఒకసారి ఇచ్చారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన స్టూడియోల్లోంచి వెళ్ళగొట్టింది. మూడు దశాబ్దాలు ఆ నిషేధం నడిచింది. ఆరోపణలు ఇవే: స్వరాలు బిగుసుకుపోయి ఉంటాయి, జారుడు పలకదు, శ్రుతులు సరిగ్గా ఉండవు. అదే కాలంలో మన ఊళ్ళలో పద్యనాటకానికి హార్మోనిస్టు రాకపోతే తెర లేచేది కాదు. నటుడు పద్యం ఎత్తుకునే ముందు రాగాన్ని పరిచేది ఆ పెట్టే. పద్యం చివర రాగం సాగితే జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. గమకం నటుడి గొంతులో ఉంది, కాదనను. ఆ గొంతు ఎక్కడ నిలవాలో, ఎటు తిరగాలో పక్కనుంచి చూపించింది మాత్రం హార్మోనియమే. సంగీతం పాఠం ఒక్కటీ వినని వాళ్ళ నోళ్ళలో మోహన, కల్యాణి, కాంభోజి అనే పేర్లు ఆడాయంటే అందులో దాని వాటా తక్కువేం కాదు.

ఇక శ్రుతుల లెక్క. పియానోలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. ఒక్కో భాగం 100 సెంట్లు, మొత్తం 1200. (పొలం సెంట్లు కాదు లెండి.) సహజమైన అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే పియానోది 400 దగ్గర ఉంటుంది. పంచమం 702 ఉండాల్సింది 700. గాంధారంలో ఉన్న ఆ 14 సెంట్ల తేడా చెవికి తెలుస్తుంది. తంబురా మోగుతుంటే మరీ తెలుస్తుంది, ఎందుకంటే తంబురా షడ్జమంలోంచే ఆ 386 గాంధారం సన్నగా వినిపిస్తూ ఉంటుంది. అందుకే ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని పక్కన పియానో వాయిస్తే ఏదో పుల్లగా తగులుతుంది. దానికి మందు తేలిక: యాప్ ఆపేసి పియానో మీదే స, ప పట్టుకోండి. కానీ ఈ 14 సెంట్లు చూపించి తోడిని పియానోకి నిషేధించేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. తోడి గాంధారం పాడేటప్పుడు రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకి వందల సెంట్ల మేర ఊగుతుంది. అక్కడ 14 గురించి మాట్లాడటం తుఫానులో గొడుగు రంగు గురించి మాట్లాడటమే. తోడి పియానో మీద పలకకపోవడానికి కారణం గాంధారం స్థానం తప్పుగా ఉండటం కాదు, ఆ గాంధారానికి ఒక స్థానమంటూ లేకపోవడం.

వీణకీ మెట్లున్నాయి, స్థాయికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు. తేడా ఏమిటంటే మెట్టు మీద తీగని లాగొచ్చు. పియానో తీగని లాగలేం. పైగా మీట నొక్కిన మరుక్షణం నుంచీ ధ్వని తగ్గుతూనే ఉంటుంది, మధ్యలో పెంచలేం. ఈ రెండూ అసలైన పరిమితులు. వీటిని ఇలా పేరు పెట్టి చెప్తే మాట్లాడుకోడానికి ఏదైనా ఉంటుంది. ఏ రాగానికి ఈ పరిమితులు ప్రాణాంతకం, ఏ రాగానికి కావు అని అడగొచ్చు.

అడిగితే జవాబు కూడా దొరుకుతుంది. ఆరభి, దేవగాంధారి. రెండూ శంకరాభరణ జన్యాలు. రెండింటికీ ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ని ద ప మ గ రి స. కాగితం మీద కవల పిల్లలు. ఆరభి చురుగ్గా, చాలావరకు సాదాగా నడుస్తుంది. గాంధార నిషాదాలు అలా మెరిసి వెళ్ళిపోతాయి. త్యాగరాజ పంచరత్నాల్లో మూడోది వింటే ఆ నడక తెలుస్తుంది. దేవగాంధారి నెమ్మది. స్వరాలు సాగి, ఊగి, నిలిచి నడుస్తాయి. ఇప్పుడు రెండూ పియానో మీద వాయించి చూడండి. ఆరభి పలుకుతుంది. సంగీతం తెలిసినవాళ్ళు రెండు వరసల్లో పోల్చుకుంటారు. దేవగాంధారి పలకదు, ఎంత నెమ్మదిగా వాయించినా నీరసపడ్డ ఆరభి లాగే వినిపిస్తుంది.

ఈ ఒక్క జంట చాలు ఇద్దరి నోళ్ళూ మూయించడానికి. స్వరాలే రాగమైతే రెండూ ఒకటే కావాలి, కాలేదు. గమకమే రాగమైతే పియానో మీద రెండూ చచ్చిపోవాలి, ఒకటి బతికే ఉంది.

ఇంత చెప్పాక చేతికి పని ఇవ్వకపోతే నేనూ పట్టికల జట్టులో కలుస్తాను. కాబట్టి ఇంట్లో కీబోర్డు ఉన్నవాళ్ళు, అరవై ఒక్క మీటలదైనా సరే, ఇది చేసి చూడండి. నల్ల మీటలు మూడు ఒక గుంపుగా, రెండు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపు స రి గ, దాని కుడిపక్క రెండింటి గుంపు ప ద. మోహన స్వరాలు వచ్చేశాయి. ఎడమ చేత్తో కింద స, ప పట్టుకుని ఉంచండి, ధ్వని తగ్గినప్పుడల్లా మళ్ళీ నొక్కండి. కార్డులు వద్దు. మొదటి పది నిమిషాలు ప్రతి వాక్యాన్నీ గాంధారం మీద ఆపండి, కింది ధైవతం దాకా దిగి రండి. తరవాత పది నిమిషాలు ధైవతం మీద ఎత్తుకుని, పై షడ్జమం చుట్టూ తిరిగి, మళ్ళీ ధైవతం పంచమాల మీద ఆపండి, రిషభాన్ని తగ్గించండి. మీటలు అవే. గది మారినట్టుంటుంది. భూపాలికీ దేశ్‌కార్‌కీ ఉన్న తేడా మొత్తం ఇది కాదు గానీ, ఆ తేడా ఎటువైపు ఉందో వేళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు కుడి చెయ్యి ఆ ఐదు మీటలు దాటకుండా, ఎడమ చెయ్యి మాత్రం మార్చండి. మూడింటి గుంపులో రెండోదాన్ని, దాని పంచమాన్ని పట్టుకుంటే మధ్యమావతి. రెండింటి గుంపులో మొదటిది షడ్జమం చేసుకుంటే శుద్ధ సావేరి, రెండోది చేసుకుంటే శుద్ధ ధన్యాసి. మూడింటి గుంపులో మూడోది షడ్జమమైతే హిందోళం. దానికి పంచమం లేదు కాబట్టి స, మ పట్టుకోవాలి. కార్డులు వద్దన్నది ఇందుకే. మోహన వాయిస్తూ ఎడమ చేత్తో అలవాటు కొద్దీ మైనర్ కార్డు వేశారంటే, చెవిలో షడ్జమం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది.

కార్డుతో మోడ్ నిలబడదా అంటే నిలబడుతుంది, తెలిసి వేస్తే. 1959లో మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో మొదటి ముక్క 'సో వాట్'. పదహారు బార్లు డి డోరియన్, ఎనిమిది బార్లు అర మెట్టు పైన అదే డోరియన్, మళ్ళీ ఎనిమిది డి మీద. పియానో బిల్ ఎవాన్స్. అందులో అందరికీ గుర్తుండిపోయే ఆ రెండు కార్డుల్ని డి షడ్జమం అనుకుని మన స్వరాల్లో రాస్తే, కింది నుంచి పైకి మొదటిది రి ప స మ ద, రెండోది స మ ని గ ప. రెండూ కలిపితే ఏడు స్వరాలూ వచ్చేశాయి. మొదటి కార్డు నెత్తిన ఉన్నది చతుశ్రుతి ధైవతం. మామూలు మైనర్ నుంచి డోరియన్‌ని విడదీసే స్వరం అదొక్కటే, దాన్నే తీసుకెళ్ళి అందరికీ వినబడే చోట పెట్టారు. అమెరికాలో జాజ్ వాయించే వాళ్ళు మోడ్ అంటే స్కేలు అని ఊరుకోలేదు. ఏ స్వరం దాని ఆనవాలో పట్టుకుని, పియానో మీద దానికి కుర్చీ వేశారు. దాన్ని ఖరహరప్రియ అనక్కర్లేదు. ఖరహరప్రియలో ఊగే గాంధార నిషాదాలు అక్కడ లేవు, త్యాగరాజు నడిచిన దారులు లేవు. స్వరాలు ఒకటే, ఊళ్ళు వేరు. ఆ మాట చెప్పకుండా "రెండూ ఒకటే" అనడం ఇద్దరికీ అన్యాయం.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుదలగా రాస్తున్నానో చెప్పాలి. మా ఇంట్లో సంగీతం అంటే రేడియో, తరవాత టేప్ రికార్డర్. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఒక పెద్దాయన దగ్గర కొన్ని నెలలు పాఠానికి వెళ్ళాను. ఒకరోజు అడిగాను: "మాస్టారూ, ఆరభికీ దేవగాంధారికీ స్వరాలు ఒకటే కదండీ, మరి తేడా ఏమిటి?"

"వినగా వినగా అదే తెలుస్తుంది నాయనా."

"దేని గురించి వినాలో చెప్తారా?"

"అది చెప్తే వచ్చేది కాదు. చెవికి రావాలి."

ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ ఆ జవాబు ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి. పుట్టినప్పటినుంచీ ఇంట్లో పాట వినేవాళ్ళకి చెవికి అదే వస్తుంది. వాళ్ళ అమ్మో అత్తయ్యో వంట చేస్తూ దేవగాంధారి కూనిరాగం తీస్తారు, పిల్లకి పదేళ్ళకే తేడా తెలుస్తుంది. ఆ ఇల్లు లేనివాళ్ళకి? సినిమా పాటల్లోంచి, సెకండ్‌హ్యాండ్ కీబోర్డు మీద, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేర్చుకునేవాళ్ళు ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎంతమందో. వాళ్ళని ఒక జట్టు "మీకు రాదు" అని గుమ్మం బయట నిలబెడుతోంది. ఇంకో జట్టు "ఇదిగో, వచ్చేసింది" అని చేతిలో పట్టిక పెట్టి అదే గుమ్మం బయటినుంచి పంపించేస్తోంది. ఫలితం ఒకటే.

చెప్తే వచ్చేది కాదన్న మాటకి జవాబు తెలుగులోనే ఉండటం ఇంకా విడ్డూరం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ప్రచురించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు పుస్తకం. అందులో ఆయన రాగానికి లక్షణం రాశాడు, కృతులకి స్వరం రాశాడు, ఏ స్వరానికి ఏ గమకమో చూపించడానికి గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు చూసి పాడేస్తే కచేరీ అయిపోతుందని కాదు. గమకం లాంటి పట్టుబడని వస్తువు గురించి కూడా కాగితం మీద ఎంతో కొంత నిర్దిష్టంగా మాట్లాడొచ్చని తెలుగులో ఒకాయన నూటయిరవై ఏళ్ళ క్రితమే నిరూపించాడు. ఇవాళ మనం రాసే రాగపరిచయాలు ఆ పుస్తకానికి ముందు కాలానివేమో అనిపిస్తాయి.

అందుకని రాగం మీద రాసేవాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. ఆరోహణ అవరోహణ రాశాక ఇంకో నాలుగు వాక్యాలు రాయండి: నిలిచే స్వరం ఏది, దాటేసే స్వరం ఏది, ఏ మలుపు వింటే ఈ రాగమని తెలుస్తుంది, దీని పక్కింటి రాగం ఏది, దానికీ దీనికీ గోడ ఎక్కడుంది. పాఠం చెప్పేవాళ్ళని అడిగేది కూడా చిన్నదే. కీబోర్డు పట్టుకొచ్చిన పిల్లని వెనక్కి పంపకండి. మోహన, హంసధ్వని, ఆరభి ఇక్కడ వాయించు, నిలుపులూ మలుపులూ నేర్చుకో. తోడి, సహాన, దేవగాంధారి మాత్రం గొంతుతో పాడాల్సిందే, ఎందుకంటే అక్కడ స్వరం నిలకడగా ఉండదు అని చెప్పండి. ఆ "ఎందుకంటే" తరవాత మాటలు వింటే ఆ పిల్ల తనంతట తానే పాడటం మొదలుపెడుతుంది.

కీబోర్డు ఉన్నవాళ్ళు ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదు. నల్ల మీటలు ఐదు. ఎడమ చెయ్యి స, ప. ముందు గాంధారం మీద ఆగండి.